లివర్లో కనిపించిన మచ్చ: పురుగు కట్టిన తిత్తా, మామూలు గడ్డా?

(అల్ట్రాసౌండ్ నేర్చుకుంటున్న యువ డాక్టర్ల కోసం ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక లైట్లు కొంచెం తగ్గించగలరా? మన బొమ్మలన్నీ నలుపు తెలుపులే. హాల్లో వెలుతురు ఎక్కువైతే వాటిలో తేడాలు తెలియవు. ఆ, చాలు.

ఈరోజు మాట్లాడుకునేది ఒక్క ప్రశ్న గురించి. కడుపునొప్పి అనో, మామూలు చెకప్ అనో ఒకరు వస్తారు. మీరు జెల్ రాసి ప్రోబ్ పెడతారు. లివర్లో ఒక మచ్చ కనబడుతుంది. చుట్టూ లివర్ బాగానే ఉంది, మనిషీ బాగానే ఉన్నాడు. మరి ఆ మచ్చ ఏమిటి? లివర్ తన కణాలతో తానే పెంచుకున్న గడ్డా? లేక బయటి నుంచి వచ్చిన పరాన్నజీవి ఏదైనా అక్కడ తిష్ఠ వేసిందా? క్యాన్సర్ సంగతి ఈరోజు పక్కన పెడుతున్నాను. అది చిన్న విషయమని కాదు. దాని మీద మీకు ఇప్పటికే చాలా క్లాసులు అయ్యాయి. పరాన్నజీవుల దగ్గరికి వచ్చేసరికి రెండు పేజీలు చదివి తిప్పేస్తాం, ఔనా కాదా?

ఈ తేడా తేల్చడం ఎందుకంత ముఖ్యం? ఎందుకంటే రెండింటి దారులు వేరు. హీమాంజియోమా, అంటే రక్తనాళాలతో అల్లుకున్న క్యాన్సర్ కాని గడ్డ అయితే చాలామందికి ఏ వైద్యమూ అక్కర్లేదు. అదే హైడాటిడ్ తిత్తి, అంటే కుక్కల బద్దెపురుగు పిల్ల కట్టే నీటి తిత్తి అనుకోండి, మందులా, సూదితో ఖాళీ చెయ్యడమా, ఆపరేషనా, లేక ఏమీ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉండటమా, ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆ ఎంపిక దేన్నిబట్టి? చాలావరకు మీ స్క్రీన్ మీద కనబడేదాన్నిబట్టే. రక్తపరీక్ష తర్వాత సంగతి, బయాప్సీ ఇంకా తర్వాత సంగతి. ముందు బొమ్మ.

నేను ఈరోజు చెప్పబోయేదంతా రెండు మాటల్లో పెట్టొచ్చు. పురుగుకు కట్టడం ఉంటుంది, గడ్డకు రక్తం ఉంటుంది. తిత్తి లోపల పొరలుంటాయి, గదులుంటాయి, ముడుచుకున్న మడతలుంటాయి. కానీ లోపలికి రక్తనాళం వెళ్లదు. లివర్ సొంత గడ్డ అలా కాదు. అది కణజాలం, బతకాలంటే రక్తం కావాల్సిందే. కాబట్టి ప్రతి మచ్చనీ రెండు ప్రశ్నలు అడగండి. నీ లోపల ఏం కట్టుకున్నావు? నీకు రక్తం అందుతోందా? ఇక్కడితో అయిపోతే నేను కిందికి దిగిపోవచ్చు. కానీ ఈ రెండు ప్రశ్నలకూ బొమ్మ కొన్నిసార్లు అబద్ధం చెబుతుంది. ఎక్కడ చెబుతుందో తెలుసుకోవడానికే మిగతా టైమంతా.

ముందు పురుగు కథ. ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ చాలా చిన్న బద్దెపురుగు, కొన్ని మిల్లీమీటర్ల పొడవే. అది కుక్క పేగుల్లో ఉంటుంది. గుడ్లు మలంతో బయటికి వస్తాయి, వాటిని గొర్రెలాంటి జంతువు మింగుతుంది, ఆ జంతువు లోపలి అవయవాలను కుక్క తింటే చక్రం పూర్తవుతుంది. మనిషి ఈ చక్రంలోకి పొరపాటున దూరినవాడు. గుడ్డు మన నోట్లో పడితే అందులోని పిండం పేగు గోడ దాటి, పేగుల నుంచి లివర్‌కి వెళ్లే పోర్టల్ రక్తంలో కొట్టుకొచ్చి, మొదటి జల్లెడ అయిన లివర్లో ఆగుతుంది. అందుకే దాదాపు 70 శాతం తిత్తులు లివర్లోనే, అందులోనూ కుడి భాగంలో ఎక్కువ. ఓ 20 శాతం ఊపిరితిత్తుల్లో. లివర్లో కనబడితే ఛాతీ ఎక్స్‌రే కూడా ఒకసారి చూడండి అనడం అందుకే.

అక్కడ అది ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. లోపల పలుచటి జెర్మినల్ పొర, అదే ప్రాణమున్న పొర, పిల్ల పురుగుల తలలన్నీ దాన్నుంచే పుడతాయి. దాని మీద పొరలు పొరలుగా ఉండే లామినేటెడ్ మెంబ్రేన్. ఈ రెండూ పురుగువి. వీటి చుట్టూ మన శరీరం కట్టిన పీచు గోడ, పెరిసిస్ట్. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. మీరు స్క్రీన్ మీద చూసే ప్రతి గుర్తూ ఈ మూడు పొరలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయా, విడిపోయాయా, మడత పడ్డాయా అన్నదాని కథే.

ఇక మొదటి చిక్కు. తెర మీద రెండు బొమ్మలున్నాయి. రెండూ గుండ్రంగా ఉన్నాయి, రెండూ లోపల నల్లగా ఉన్నాయి, రెండింటి వెనకా తెల్లగా మెరుస్తోంది. ఒకటి పుట్టుకతో వచ్చే మామూలు నీటి తిత్తి, ఇంకొకటి సీఈ1 దశలో ఉన్న హైడాటిడ్. సీఈ అంటే సిస్టిక్ ఎకైనోకాకోసిస్, ఈ తిత్తి జబ్బు పేరే. పక్కన ఉన్న అంకె దశ, ఒకటి నుంచి ఐదు దాకా. ఏది ఏదో చెప్పండి. ఎవరూ చెప్పరేం? మంచిదే, ఇంత దూరం నుంచి చూసి చెప్పేవాళ్లంటేనే నాకు భయం.

గోడ చూడాలి. మామూలు తిత్తికి గోడ దాదాపు కనబడదు, నలుపు అయిపోగానే లివర్ మొదలవుతుంది. సీఈ1 గోడ కనబడుతుంది. బాగా చూస్తే రెండు తెల్లటి గీతలు, మధ్యలో సన్నటి నల్లటి గీత. అదే డబుల్ లైన్. పురుగు పొర ఒక గీత, మన పెరిసిస్ట్ ఇంకొక గీత. కానీ ఎప్పుడు కనబడుతుంది? ధ్వని కిరణం గోడకు నిలువుగా తగిలిన చోటే. పక్క గోడల్లో వెతికితే దొరకదు. తిత్తి పైకి దగ్గరగా ఉంటే మామూలు కాన్వెక్స్ ప్రోబ్ తీసి పక్కన పెట్టి, ఎక్కువ ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ పెట్టండి. ఒక నిమిషం పని. ఆ ఒక్క నిమిషం పెట్టనందుకే ఎన్నో రిపోర్టులు 'సింపుల్ సిస్ట్' అని బయటికి వెళ్లిపోతుంటాయి.

రెండో పని, పేషెంట్‌ని కదపండి. ఎడమ పక్కకు తిప్పండి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టండి, ప్రోబ్ మాత్రం తిత్తి మీదే ఉంచండి. తిత్తి అడుగున పేరుకున్న సన్నటి ఇసుక, అంటే విడిపోయిన పురుగు తలలూ వాటి సంచులూ, పైకి లేచి మెల్లగా రాలుతుంది. మంచు రాలుతున్నట్టుంటుందని దానికి స్నోఫ్లేక్ సైన్ అని పేరు. మామూలు తిత్తిలో అది ఉండదు. కాకపోతే రక్తం చిందిన తిత్తిలో కూడా నలకలు తేలొచ్చు, కాబట్టి నలకలొక్కటే చూసి పేరు పెట్టెయ్యకండి. నలకలు, డబుల్ లైన్ రెండూ ఉంటే నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ గెయిన్, అంటే తిరిగొచ్చే ధ్వనిని ఎంత పెంచి చూపాలో చెప్పే మీట గురించి చెప్పాలి. గెయిన్ పెంచితే నీళ్లలో కూడా లేని నలకలు పుట్టుకొస్తాయి. బాగా తగ్గిస్తే ఘనంగా ఉన్న గడ్డ కూడా నల్లబడి తిత్తిలా కనబడుతుంది. మరి సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది? అదే పేషెంట్ గాల్‌బ్లాడర్ చూడండి. అందులో మామూలు పైత్యరసం నల్లగా కనబడేలా పెట్టుకుని, అవే సెట్టింగులతో తిత్తికి రండి. హార్మోనిక్స్ ఆన్ చెయ్యండి. పై గోడ దగ్గర మసకగా కనబడేది చాలాసార్లు రివర్బరేషనే, అంటే ధ్వని అటూ ఇటూ కొట్టుకుని పుట్టించే దొంగ నీడే, దాన్ని పట్టుకుని పొర అనుకోవద్దు.

సరే, ఇంత చేశాక కూడా డబుల్ లైన్ లేదు, నలకలు లేవు, ఒట్టి నల్లటి గుండ్రం. అప్పుడేం రాయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దానికి ఒక అర ఉంది, సీఎల్. అంటే తిత్తి మాత్రమే, పురుగుదని ఇంకా చెప్పలేం అని. చాలామంది దీన్ని సీఈ జాబితాలో మొదటి మెట్టు అనుకుంటారు. కాదు. సీఎల్ అంటే హైడాటిడ్ అని కాదు, హైడాటిడ్ అని తేలలేదు అని. కుక్కలతో, గొర్రెలతో మెలిగిన మనిషా అని అడగండి, కొన్ని నెలలాగి మళ్లీ స్కాన్ చెయ్యండి. తేలనిదాన్ని తేలలేదని రాయడం తప్పేమీ కాదు.

వర్గీకరణ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అల్ట్రాసౌండ్ బొమ్మల్నిబట్టి హైడాటిడ్‌ను విభజించిన పద్ధతుల్లో బాగా వాడుకలోకి వచ్చింది గార్బీ పద్ధతి, 1981లో వచ్చింది, ఐదు టైపులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం వర్గీకరణ 2003లో అచ్చయింది. రెండూ ఒకటే అనుకుంటే ఇరుక్కుపోతారు. గార్బీ టైపు 2 అంటే లోపలి పొర ఊడిపోయిన తిత్తి, అది కొత్త లెక్కలో సీఈ3ఏ. గార్బీ టైపు 3 అంటే పిల్ల తిత్తులున్నది, అది సీఈ2. వరస తారుమారైంది చూశారా? పాత రిపోర్టులో ఒట్టి 'టైపు 2' అని ఉంటే, ఏ లెక్క ప్రకారం అని అడిగి తెలుసుకోండి. వైద్యం మారిపోతుంది.

సీఈ2, సీఈ3ఏ దశలు గుర్తుపట్టడం తేలిక. సీఈ2లో పెద్ద తిత్తి నిండా పిల్ల తిత్తులు, తేనెపట్టులాగా. సీఈ3ఏలో లోపలి ఒత్తిడి తగ్గి, పురుగు పొర పెరిసిస్ట్ నుంచి ఊడి నీళ్లలో తేలుతూ ఉంటుంది. కలువాకు సైన్ అని మీరు చదివిందే. ఇది కనబడితే ఇంకే పరీక్షా అంత గట్టిగా చెప్పదు. సీఈ3బీ అంటే కొంత గట్టిపడిన గుజ్జు మధ్యలో అక్కడక్కడ పిల్ల తిత్తులు. గుజ్జు చూసి 'ఘనంగా ఉంది, ట్యూమరేమో' అనిపిస్తుంది. ఆ మధ్యలో గుండ్రటి నల్లటి గదులు వెతకండి.

ఇక్కడ పోటీకి వచ్చే క్యాన్సర్ కాని గడ్డ ఒకటుంది. బిలియరీ సిస్టాడినోమా, ఇప్పుడు మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజమ్ అంటున్నాం. ఎక్కువగా నడివయసు ఆడవాళ్లలో. అదీ తిత్తే, దాంట్లోనూ అడ్డుగోడలుంటాయి. సీఈ2తో తేడా ఎక్కడ? సీఈ2లో అడ్డుగోడ అనేది నిజానికి గోడ కాదు. పక్కపక్కన ఒరుసుకున్న రెండు పిల్ల తిత్తుల పొరలు. ప్రతి గదికీ తనదైన గుండ్రటి గోడ కనబడుతుంది, అందులో రక్తం ఉండదు. సిస్టాడినోమాలో అడ్డుగోడ గడ్డ సొంత కణజాలం, గది నుంచి గదికి సాగుతుంది, దాంట్లో గానీ దాని మీద బొడిపెలో గానీ డాప్లర్, అంటే రక్తం కదలికను రంగుల్లో చూపే స్కాన్ పెడితే నాళం దొరకొచ్చు. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం. కట్టడం, రక్తం.

ఇప్పుడు అసలు కష్టమైన చోటు. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. సీఈ4.

సీఈ4లో నీళ్లు ఇంకిపోయాయి. పిల్ల తిత్తులు లేవు. తేలే పొర లేదు. మొత్తం గుజ్జులా గట్టిపడింది. బొమ్మలో ఒక ఘనమైన గుండ్రటి ముద్ద. కొంత తెలుపు, కొంత బూడిద రంగు. హైడాటిడ్ అంటే నీటి తిత్తి అని బుర్రలో ముద్ర పడిపోయినవాళ్లకి ఇది చస్తే తట్టదు. ఏం రాస్తారు? 'హీమాంజియోమా' అని రాస్తారు, లేదంటే 'ట్యూమర్, బయాప్సీ చెయ్యండి' అని రాస్తారు. రెండోది ఇంకా ఇబ్బంది.

హీమాంజియోమా ఎలా ఉంటుంది? లివర్లో వచ్చే క్యాన్సర్ కాని గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది ఇదే, ఆడవాళ్లలో మరీ. చాలావరకు 3 సెంటీమీటర్ల లోపు, అంచు తేటగా, లోపలంతా ఒకే తెలుపు. రక్తంతో నిండిన సన్నటి గుంటలు ఎన్నో ఉండటంతో వాటి గోడలన్నీ ధ్వనిని తిప్పికొడతాయి, అందుకే ఆ తెలుపు. వెనక కొంచెం మెరుపు కూడా ఉంటుంది. ఇది టైపికల్. టైపికల్‌గా ఉంటే బతికిపోయాం. కానీ పెద్దదైతే? లోపల గడ్డకట్టిన రక్తం, పీచు, ఒక్కోసారి కాల్షియం. అప్పుడు అదీ రకరకాల రంగుల ముద్దే, సీఈ4 పక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇక లివర్లో కొవ్వు ఎక్కువగా ఉన్న మనిషి అనుకోండి, లివరే తెల్లగా ఉంటుంది, దాంతో హీమాంజియోమా నల్లగా కనబడుతుంది. గడ్డ మారలేదు, వెనక గోడ రంగు మారింది. కాబట్టి మచ్చ తెలుపా నలుపా అని చూసేముందు లివర్ ఎంత తెల్లగా ఉందో చూడండి, పక్కన కిడ్నీతో పోల్చండి.

మరి సీఈ4ని ఎలా పట్టుకోవాలి? మడతల్ని వెతకండి. నీళ్లు పోయినా పురుగు పొర మాయం కాదు. అది కుంచించుకుపోయి, మడతలు పడి, గుజ్జులో చిక్కుకుని ఉంటుంది. బొమ్మలో అవి వంకర టింకరగా తిరిగే నల్లటి సన్నటి పట్టీలు. ఉన్ని ఉండలాగా ఉంటుందని బాల్ ఆఫ్ వూల్ సైన్ అన్నారు. ఒక్క కోణంలో చూస్తే ఆ పట్టీ ఒక నల్లటి చుక్కే. ప్రోబ్‌ని మెల్లగా జరపండి, తిప్పండి, ఆ చుక్క సాగి వంకర గీత అవుతుంది, గీత మలుపు తిరిగి ఇంకో గీతలో కలుస్తుంది. అలా కలిసిందా, అది పొర. హీమాంజియోమా లోపలి నల్లటి చోట్లు అలా సాగవు, ఎక్కడికక్కడ మచ్చలుగా ఆగిపోతాయి. అందుకే ఫ్రీజ్ చేసిన బొమ్మ చూసి సీఈ4 తేల్చమని నన్ను అడగొద్దు. వీడియో క్లిప్ పంపండి, చూస్తాను. వాట్సాప్‌లో ఫోటోలు పంపేవాళ్లు ఇక్కడే ముగ్గురు నలుగురు కూర్చున్నారు, నవ్వుతున్నారు కూడా.

సరే, మడతలు అనుమానంగా ఉన్నాయి. అప్పుడు మీరేమంటారు? 'సార్, డాప్లర్ పెడితే సరిపోతుంది కదా. పురుగులో రక్తం ఉండదు, గడ్డలో ఉంటుంది అన్నారు కదా.' అన్నాను. ఇదిగో, బొమ్మ అబద్ధం చెప్పే చోటు ఇదే. హీమాంజియోమా నిండా రక్తమే. కానీ ఆ రక్తం ఎంత నెమ్మదిగా కదులుతుందంటే మామూలు కలర్ డాప్లర్‌కి కదులుతున్నట్టే తెలియదు. డాప్లర్‌కి రక్తం కనబడదు, రక్తం కదలిక కనబడుతుంది. కాబట్టి లోపల రంగు రాకపోతే అది పురుగు తిత్తి అనడానికి వీల్లేదు. రంగు వస్తే మాత్రం పురుగు తిత్తి కాదని చాలావరకు చెప్పొచ్చు. ఈ లెక్క ఒకవైపే పని చేస్తుంది. రెండోవైపు వాడబోతే మోసపోతాం.

ఇంకొకటి. కాల్షియం పట్టిన చోట రంగులు మెరుస్తాయి, ట్వింకిల్ ఆర్టిఫాక్ట్. దాన్ని చూసి నాళం అనుకోవద్దు. స్పెక్ట్రల్, అంటే కదలికను గ్రాఫుగా చూపే డాప్లర్ పెట్టండి, నాళమైతే అల వస్తుంది, ఆర్టిఫాక్ట్ అయితే ఒట్టి గోల వస్తుంది. రంగు వెతికేటప్పుడు స్కేలు తగ్గించండి, వాల్ ఫిల్టర్ తగ్గించండి, పేషెంట్‌ని ఊపిరి బిగబట్టమనండి. ఇవేవీ చెయ్యకుండా 'నో వాస్క్యులారిటీ' అని రాయడం అన్యాయం.

అయితే రక్తం ఉందో లేదో ఖాయంగా ఎలా తేల్చాలి? కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్. నరంలోకి సన్నటి గాలిబుడగల మందు ఎక్కిస్తాం, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ లాంటివి. అవి నాళాల్లోనే ఉంటాయి, బయటికి కారవు. కిడ్నీల ద్వారా పోవు కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లకీ ఇవ్వొచ్చు. బుడగలకు వేగంతో పని లేదు, నెమ్మదిగా వెళ్లినా మెరుస్తాయి. హీమాంజియోమాలో ఏమవుతుంది? మొదటి అర నిమిషంలో అంచు దగ్గర బొట్లు బొట్లుగా మెరుపు మొదలవుతుంది, నిమిషాలు గడిచేకొద్దీ లోపలికి నిండుతూ వస్తుంది, రెండు నిమిషాలు దాటాక కూడా ఆరదు. మరీ చిన్నవైతే ఒక్కసారిగా నిండిపోతాయి. మరీ పెద్దవాటిలో నడిమధ్య నిండకుండా మిగిలిపోవచ్చు, కానీ అంచు బొట్లు మాత్రం ఉంటాయి. సీఈ4లో? చుట్టూ లివర్ మెరుస్తుంది, మన శరీరం కట్టిన పెరిసిస్ట్ అంచు కొంచెం మెరవొచ్చు, లోపల చీకటి. మొదట్లో చీకటి, రెండు నిమిషాలప్పుడు చీకటి, చివరిదాకా చీకటే. కాంట్రాస్ట్ సౌకర్యం లేకపోతే ఎంఆర్ఐ అడగండి. టీ2 బొమ్మల్లో హీమాంజియోమా బల్బులా వెలుగుతుంది, హైడాటిడ్ పొరలు నల్లటి గీతలుగా కనబడతాయి. సీటీలో కాల్షియం బాగా కనబడుతుంది గానీ, లోపలి పొరలూ పిల్ల తిత్తులూ చూడటానికి అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ దానికంటే మెరుగు. సీటీ ఖరీదైంది కాబట్టి అదే గొప్పది అనుకునే అలవాటు మనకి పోవాలి.

మిగతా రెండు గడ్డలు త్వరగా చెప్పేస్తాను. ఫోకల్ నోడ్యులర్ హైపర్‌ప్లేజియా లివర్ రంగులోనే ఉంటుంది, దొంగలా కలిసిపోతుంది. పక్క నాళం కొద్దిగా పక్కకి జరగడం చూసి అనుమానించాలి. డాప్లర్‌లో బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి చుట్టూ నాళాలు కనబడితే పని అయిపోయినట్టే, ఏ పురుగూ అలా చెయ్యదు. అడినోమాలో అంత తేటైన గుర్తు ఉండదు. గర్భనిరోధక మాత్రలు, అనబాలిక్ స్టెరాయిడ్లు వాడారా అని అడగాలి. దానికి రక్తం చిందే గుణం ఉంది, 5 సెంటీమీటర్లు దాటితే మరీ. అలా చిందాక లోపల నీళ్లు, గడ్డలు, పీచులు కనబడి తిత్తిలా తికమక పెడుతుంది.

గడ్డే కాని గడ్డ ఇంకొకటి. కొవ్వు ఒక్కచోట పేరుకోవడం, లేదా కొవ్వు పట్టిన లివర్లో ఒక్కచోట మాత్రం కొవ్వు పట్టకుండా మిగిలిపోవడం. గాల్‌బ్లాడర్ పక్కన, ఫాల్సిఫామ్ లిగమెంట్ దగ్గర చూస్తారు. నాళాలు దాని మీదుగా తిన్నగా వెళ్లిపోతుంటే అక్కడ గడ్డా లేదు, పురుగూ లేదు.

ఇప్పటిదాకా మాట్లాడింది పద్ధతిగా తిత్తి కట్టే పురుగు గురించి. దాని దాయాది ఎకైనోకాకస్ మల్టీలోక్యులారిస్ అలాంటిది కాదు. నక్కల్లో ఉంటుంది, ఉత్తరార్ధగోళంలోనే దొరుకుతుంది. ఇది ఒక తిత్తిగా ఆగదు, లివర్లోకి చొచ్చుకుపోతూ క్యాన్సర్‌లా ప్రవర్తిస్తుంది. జర్మనీలోని ఉల్మ్ డాక్టర్లు దీని అల్ట్రాసౌండ్ రూపాల్ని ఐదుగా విభజించారు. అందులో ఒక రూపం పేరేంటో తెలుసా? 'హీమాంజియోమా లాంటిది'. వినండి, వర్గీకరణ పెట్టినవాళ్లే ఆ పేరు పెట్టారు! చిన్నగా, తెల్లగా, అచ్చం అలాగే ఉంటుంది. ఆ జబ్బు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చిన మనిషిలో ఒంటరి తెల్ల మచ్చ కనబడితే హీమాంజియోమా అని వెంటనే ముద్ర వెయ్యకండి. కాంట్రాస్ట్ పెడితే హీమాంజియోమా నిండుతుంది, ఇది లోపల నిండదు. మిగతా నాలుగు రూపాల్లో వడగళ్లు పడ్డట్టు చెదురుగా ఉండేది, లోపల కుళ్లి తిత్తిలా మారేది, కాల్షియం పట్టేది, మెటాస్టాసిస్‌లా, అంటే వేరే చోటి నుంచి పాకిన క్యాన్సర్‌లా ఉండేది.

ఇంకో పరాన్నజీవి ఫేషియోలా, అంటే లివర్ ఫ్లూక్ అనే చదునైన పురుగు. ఇది లివర్ పైపొర చీల్చుకుని లోపలికి దూరి, పైత్యనాళాలు చేరేదాకా తొలుచుకుంటూ పోతుంది. కాబట్టి మచ్చ గుండ్రంగా ఉండదు. పైపొర కింద గుంపులుగా చిన్న చిన్న మచ్చలు, వంకర దారులు. రెండు మూడు వారాలాగి చూస్తే దారి జరిగి ఉంటుంది. ఏ గడ్డైనా చోటు మారుతుందా? మారదు కదా. తర్వాత పురుగు పైత్యనాళంలోనో గాల్‌బ్లాడర్‌లోనో చేరితే, నీడ వెయ్యని చదునైన ఆకారం తనంతట తాను కదులుతూ కనబడొచ్చు. రాయి కదలాలంటే మనం పేషెంట్‌ని తిప్పాలి, ఇది తిప్పకుండానే కదులుతుంది. టాక్సోకారా, అంటే కుక్కల, పిల్లుల ఏలికపాము చేసే మచ్చలు కూడా చిన్నవి, అంచు తెలియనివి, ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతాయి. ఈ రెండింట్లోనూ రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరుగుతాయి. చెక్కుచెదరని హైడాటిడ్‌లో మాత్రం చాలాసార్లు పెరగవు, గుర్తుంచుకోండి.

అమీబా చీముగడ్డ గురించి ఎక్కువ చెప్పను. జ్వరం, కుడివైపు నొప్పి, ప్రోబ్ నొక్కితే మనిషి ఎగిరిపడటం, ఇవి ఏ హీమాంజియోమాకీ ఉండవు. గమ్మత్తంతా వైద్యం అయ్యాక. మందులతో మనిషి కొద్దిరోజుల్లోనే కోలుకుంటాడు. లివర్లో గుంట మాత్రం నెలల తరబడి ఉండిపోతుంది. ఆ సమయంలో వేరే చోట స్కాన్ చేసినవాళ్లు దాన్ని కొత్త గడ్డ అనుకుని కంగారు పెడతారు. ఈ మధ్య జ్వరం వచ్చిందా, అమీబా మందు మెట్రోనిడజోల్ వాడారా అని అడిగితే టెన్షన్ అక్కడితో పోతుంది.

రక్తపరీక్ష చేయించేస్తే ఈ తలనొప్పంతా ఎందుకని అడుగుతారు. చేయించండి, వద్దనను. కానీ పాజిటివ్ వస్తే బలం, నెగటివ్ వస్తే ఏమీ తేలనట్టే. సీఈ1లో పొర చెక్కుచెదరకుండా ఉండి మన శరీరానికి లోపల ఏముందో తెలియనివ్వదు. సీఈ4లో, గోడకు కాల్షియం పట్టేసిన సీఈ5లో పురుగు దాదాపు చచ్చిపోయి ఉంటుంది. ఈ మూడు దశల్లోనూ పరీక్ష నెగటివ్ రావడం మామూలే. చూశారా, బొమ్మ ఎక్కడ తికమక పెడుతుందో సరిగ్గా అక్కడే రక్తపరీక్ష కూడా చేతులెత్తేస్తుంది. అందుకే మడతలు వెతకడం నేర్చుకోండి అని ఇంతసేపు గొంతు చించుకున్నాను.

సూది సంగతి. తేలని మచ్చలో 'ఓసారి గుచ్చి చూద్దాం' అనే మాట నాకు నచ్చదు. హైడాటిడ్‌లో తెలియక గుచ్చితే లోపలి నీళ్లు కారి అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రావొచ్చు, పొట్టలో కొత్త తిత్తులు మొలవొచ్చు. హీమాంజియోమాలో గుచ్చితే రక్తం కారొచ్చు. తెలిసి, పురుగుల మందు ఆల్బెండజోల్ ముందే మొదలుపెట్టి, అత్యవసర ఏర్పాట్లతో గుచ్చడం వేరు. దాన్నే పెయిర్ అంటున్నాం, గుచ్చడం, తోడటం, పురుగును చంపే మందు ఎక్కించడం, మళ్లీ తోడటం. అది సీఈ1కీ సీఈ3ఏకీ పనికొస్తుంది. సీఈ2కీ సీఈ3బీకీ పనికిరాదు, అన్ని గదులు ఎక్కడ గుచ్చుతాం? తోడిన నీళ్లలో పైత్యరసం ఉంటే మందు ఎక్కించకూడదు, పైత్యనాళాలు కాలిపోతాయి. ఇక 5 సెంటీమీటర్ల లోపు సీఈ1, సీఈ3ఏకి ఒట్టి ఆల్బెండజోల్ చాలొచ్చు. ఇబ్బంది పెట్టని సీఈ4, సీఈ5కి ఏదీ వద్దు, స్కాన్ చేస్తూ ఉంటే చాలు. దశ తప్పు రాస్తే పేషెంట్‌కి అక్కర్లేని ఆపరేషన్ రాసినట్టే.

కాబట్టి రిపోర్టు. 'కుడి భాగంలో 6 సెంటీమీటర్ల సిస్టిక్ లీజన్, హైడాటిడ్ కావచ్చు' అని రాస్తే సర్జన్‌కి ఏం తెలుస్తుంది? ఏ సెగ్మెంటో రాయండి. మూడు కొలతలు ఇవ్వండి. గోడ ఎలా ఉంది, డబుల్ లైన్ కనబడిందా, లోపల పొరా, పిల్ల తిత్తులా, మడతలా, కాల్షియం గోడంతా ఉందా ఒక్కచోటే ఉందా. కొంచెం కాల్షియం కనబడగానే పురుగు చచ్చిందని రాసేయకండి, అది ఏ దశలోనైనా ఉండొచ్చు. పైత్యనాళాలు వెడల్పయ్యాయా, హెపాటిక్ సిరలకు ఎంత దగ్గర. డాప్లర్ ఏ సెట్టింగుతో చూశారు. చివర దశ. దశ తేలకపోతే ఏ రెండింటి మధ్య ఊగుతున్నారో రాయండి, ఏ పరీక్ష ఆ రెండింటినీ విడదీస్తుందో కూడా రాయండి. పాత బొమ్మలుంటే తప్పకుండా తెప్పించుకోండి. ఐదేళ్ల క్రితం పిల్ల తిత్తులతో ఉన్నది ఇప్పుడు ముద్దగా ఉంటే, ఇక కాంట్రాస్ట్ కూడా అక్కర్లేకపోవచ్చు.

నా టైమ్ అయిపోయిందని అక్కడ చెయ్యి చూపిస్తున్నారు. గర్భిణుల్లో ఏం చెయ్యాలని మూడో వరసలో ఒకరు ఇందాకే చీటీ పంపారు. స్కాన్‌కి అభ్యంతరం లేదు, ఎన్నిసార్లైనా చెయ్యొచ్చు. ఆల్బెండజోల్ మాత్రం మొదటి మూడు నెలల్లో ఇవ్వకూడదు, కాబట్టి అక్కడ దశ తేల్చే భారం ఇంకా ఎక్కువగా మీ ప్రోబ్ మీదే పడుతుంది. మిగతా ప్రశ్నలు అడగండి, మైకు వెనక్కి పంపించండి.